ట్యాంక్ ఎవరు చూస్తారు?

బకెట్‌లో ఉప్పు కలుపుతున్నాను. వంటింటి ఉప్పు కాదు, చేపల షాపులో డబ్బాల్లో అమ్మే సముద్రపు ఉప్పు. అది పూర్తిగా కరిగేదాకా కలపాలి, ఉప్పదనం సరిపోయిందో లేదో చూసుకోవాలి, చేపల ట్యాంక్‌లోంచి పాత నీళ్లు కొన్ని తోడి వీటిని పోయాలి. నాకు ఆదివారమంటే ఇదే. సోఫాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన గిరిధర్ తలెత్తకుండానే అన్నాడు. "అంతా సరేలే, నువ్వు పుణె పోతే ట్యాంక్ ఎవరు చూస్తారు?"

వంట ఎవరు చేస్తారని అడగలేదు, అందుకు అత్తగారున్నారు. నువ్వు లేకుండా నేనెట్లా ఉండాలని అంతకన్నా అడగలేదు. ట్యాంక్ ఎవరు చూస్తారన్నాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వుకోవాలో తెలియలేదు. ఎందుకంటే పోయిన వారమే, బకెట్లు మోసి నడుం పట్టేసిందని నేనంటే, "గాజు పెట్టెలో రెండు చేపలు. అది కూడా ఒక పనేనా?" అన్నది కూడా ఈ మనిషే. పని కాకపోతే నేనెందుకు ఆగాలి? పనైతే అది నా పని ఎప్పుడైంది? ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది. నేను మాత్రం కర్ర తిప్పుతూనే ఉన్నాను.

ఊరికి ఆ చివర హూడిలో ఉన్న మా ఆఫీసు నన్ను ఆరు వారాలు పుణె వెళ్లి శిక్షణ తీసుకోమంటోంది. తిరిగి వచ్చాక ఒక టీమ్‌ను నా చేతిలో పెడతారట. పండగ సెలవు అయిపోగానే జవాబు చెప్పాలి. నా పక్క సీటు ఫర్హానా, నేను ఆలోచిస్తున్నానంటే ఆశ్చర్యపోయింది. "పిల్లలు కూడా లేరు కదా, ఏంటి నీ ప్రాబ్లమ్?" అంది. చేపలన్నాను. నేను జోక్ చేశాననుకుని చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. బస్సులో మా ఇల్లున్న మత్తికెరె వచ్చేదాకా, నేను నిజంగా చేపల కోసం ఆగుతున్నానా, వెళ్లడానికి భయపడి వాటిని అడ్డం పెట్టుకుంటున్నానా అని నన్ను నేనే అడుగుతూ వచ్చాను.

ట్యాంక్ కొన్నది గిరిధర్. ఒక సాయంత్రం పీణ్యలోని తన లేత్ మిషన్ల షెడ్డు నుంచి వస్తూ దారిలో షాపు కనిపిస్తే ఆగాడట. మర్నాడు గాజు తొట్టి, పంపు, లైట్లు, రాళ్లు దిగాయి. నీళ్లు కుదుటపడ్డాక రెండు క్లౌన్ ఫిష్‌లు వచ్చాయి, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలతో. ఆ తర్వాత అనిమోన్. చూడ్డానికి పువ్వు, నిజానికి ప్రాణి. దాని వేళ్లలాంటి కొసలకు విషముంటుంది, అయినా ఆ చేపలు అందులోనే పడుకుంటాయి. గిరిధర్ సరదా కొద్దిరోజుల్లోనే తీరిపోయింది. అద్దం తుడవడం, రొయ్య ముక్కలు కోసి అనిమోన్‌కు పెట్టడం, ఎవరూ చెప్పకుండానే నా చేతికొచ్చాయి. చెయ్యి పెట్టినప్పుడల్లా పెద్ద చేప కరుస్తుంది. అనిమోన్ తగిలిన చోట మణికట్టు మీద దద్దుర్లు లేస్తాయి.

చుట్టాలొస్తే గిరిధర్ ట్యాంక్ ముందు నిలబడి చెబుతాడు. "చూడప్పా, అది వీటిని కాపాడతాది, ఇవి దానికి తిండి తెచ్చి పెడతాయి. సంసారమంటే ఇట్లుండల్ల." వాళ్లు "భలే మెయింటైన్ చేస్తుండావు గిరీ" అంటారు. దద్దుర్ల చేత్తోనే నేను వాళ్లకు కాఫీలు అందిస్తాను. ఆ మెప్పులో నాకూ వాటా ఉందని చెప్పాలనిపిస్తుంది. ఇంత చిన్న విషయానికి వాటా అడగడమేమిటని సిగ్గూ వేస్తుంది. పొద్దున్నే లైటు వెయ్యగానే ఆ రెండు చేపలూ బయటికొచ్చి నావైపు చూస్తే నాకు సంతోషమవుతుంది. అది వాటి మీద ప్రేమా, రాత్రి ఏమీ చావలేదన్న నిశ్చింతా? నాకు తెలియదు.

ఆయుధపూజ రోజు గిరిధర్, నేను పీణ్య వెళ్లాం. లేత్ మిషన్లన్నిటికీ అరటి పిలకలు కట్టారు, పూలదండలు వేశారు. ఎవరు నడిపే మిషన్‌కు వాళ్లే బొట్టు పెట్టుకున్నారు. బూడిదగుమ్మడికాయ పగిలింది. పనివాళ్లకు బొరుగులు, బత్తాసులు పంచి, ఒక్క యంత్రం కూడా తిరగని ఆ షెడ్డులో గిన్నెలన్నీ కడిగాను.

మధ్యాహ్నం ఇంటి తలుపు తియ్యగానే ఏదో తేడాగా అనిపించింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ట్యాంక్ పంపు చప్పుడు లేదు. స్విచ్ బోర్డు మీద కుంకుమ బొట్టు, అద్దానికి చేమంతి పూలు.

"అత్తమ్మా, పంపు ఆపేశారా?"

"ఆపినా కదమ్మా," అంది మా అత్తగారు అక్కయమ్మ. "ఈ పొద్దు మిషన్లకంతా రజా, పని చేయించగూడదు. మిక్సీకి పెట్టినా, కుట్టుమిషన్‌కి పెట్టినా, దీనికీ పెట్టినా. ఫ్రిజ్‌కి బొట్టు మాత్రం పెట్టి ఇడిసినా, పాలు ఇరిగిపోతాయని."

చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రాతి మీద అనిమోన్ లేదు. నీటి కదలిక ఆగేసరికి చోటు వెతుక్కుంటూ పాక్కుంటూ పోయి పంపుకు అతుక్కుంది. రాతిని పట్టుకునే దాని పాదం సగం పంపు సందుల్లోకి దిగి ఉంది.

గిరిధర్ చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"వెయ్యొద్దు!" అని అరిచాను. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదలు. "ఇప్పుడు వేస్తే అది ముక్కలైపోతుంది. దాని విషం నీళ్లలో కలిస్తే ఏదీ మిగలదు."

"మరి పెరికేద్దామా?"

"పెరికితే చిరుగుతుంది. అదే వదలాలి. మీరు నీళ్లు కదుపుతూ ఉండండి, చేపలకు గాలందాలి."

ఇద్దరం చేతులు పెట్టాం. నేను పాదం అంచును వేలికొనతో నెమ్మదిగా నిమురుతున్నాను. ఆయన నీళ్లు తిప్పుతున్నాడు. అంతలోనే ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్నాడు.

"కరిచింది!"

"రోజూ కరుస్తుంది."

తడి చెయ్యి పట్టుకుని నావైపు చూశాడు. నా మణికట్టు వైపు కూడా చూశాడు. గొంతు మెత్తబడింది. "ఎంత పని చేస్తుండావు వరూ. నువ్వు లేకపోతే ఈ పొద్దు ఇవన్నీ పొయ్యేవే. నీకు తెలిసినట్ల ఇంకెవరికి తెలుస్తాది? ఇంక పుణె గిణె అంటావా?"

ఈ మాట వినాలని ఎన్నాళ్లుగా అనుకున్నానో. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒప్పుకుంటాను. నేను చేసేది పనేనని ఆ నోటితోనే అన్నాడు. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. నిన్నటిదాకా అది పని కాదు, కాబట్టి నేను ఇంట్లో ఉండాలి. ఈరోజు అది నాకు తప్ప ఇంకెవరికీ రాని పని, కాబట్టి నేను ఇంట్లో ఉండాలి. ఆయన అబద్ధమాడలేదు, ప్రేమగానే అన్నాడు. నాకు అర్థం కానిది అదే. ప్రేమగా అన్న మాటకు ఒళ్లెందుకు ఇంత మండుతోంది?

"చెయ్యి తీసేశారు. నీళ్లు ఆగిపోయాయి," అన్నాను. "పెట్టండి."

"మళ్లా కరుస్తాది."

"కరుస్తుంది. పెట్టండి."

పెట్టాడు. కరిచింది. "పండగ పూట వాని చెయ్యేల నొప్పిస్తావమ్మా," అని వెనక నుంచి అత్తగారు నొచ్చుకుంది. ఆయన పళ్లు బిగబట్టి తిప్పుతూనే ఉన్నాడు. చాలాసేపటికి ఆ పాదం అంచు ముడుచుకుంది, కొంచెం కొంచెంగా వదిలింది, నా అరచేతిలోకి జారింది. తీసుకెళ్లి రాళ్ల మధ్య పెట్టాను. "ఇప్పుడు వెయ్యండి," అన్నాను. పంపు మోగింది. ఇద్దరం నేలమీదే కూలబడ్డాం.

తువ్వాలుతో వేళ్లు ఒత్తుకుంటూ గిరిధర్ అడిగాడు. ఈసారి పేపరు అడ్డం లేదు. "నిజంగా పోవల్లని ఉండాదా నీకు?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ సరిగ్గా వేసుకోలేదు. లోపల వెతికాను. ఉందన్న జవాబు దొరకలేదు, లేదన్నదీ దొరకలేదు. పుణెలో గది ఎలా ఉంటుందో, ఆ టీమ్ నా మాట వింటుందో లేదో, ఏమీ తెలియదు. తెలియనప్పుడు ఆగిపోవడమే నాకు అలవాటు. ఈయన మాత్రం దారిలో షాపు కనిపిస్తే, ఇంటికి సముద్రం కావాలో వద్దో తేల్చుకోకుండానే కొనేశాడు.

"తెలీదండీ," అన్నాను. "అక్కడికి పోయి తేల్చుకుంటాను."