పోదుం అన్నాను

మా ఇంట్లో బయటికి వెళ్ళేవాళ్ళను ఎవరూ "పో" అని అనరు. అంగడికి పోయేవాళ్ళనైనా "పోయి రా" అనాలి. మా అత్త నేర్పిన మాట అది, నా నాలుక మీద అట్లాగే నిలిచిపోయింది. పిల్లలతో అయితే "పోదుం" అంటాం, మనమూ వాళ్ళ వెంట వస్తున్నట్టు. మా ఆయన శివరామన్ ఉన్న రోజుల్లో, ఆయన మిల్లు నుంచి వచ్చి సైకిలు స్టాండు వేసేలోపలే మనవరాలు కీర్తిక వెనక క్యారియరు మీదికి పాకి "తాతా, పోదుం" అనేది. అప్పుడు దానికి మూడేళ్ళు. ఒక కాలికి ఎర్ర చెప్పు, ఇంకో కాలికి ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు పదహారు. మొన్న మే నెలలో, కత్తిరి ఎండల్లో, మేముండే ఈ తమిళ ఊళ్ళో, లాస్‌పేట ఎయిర్‌పోర్టు రోడ్డు మీద మొదటిసారి సైకిలు పందెంలో దిగింది.

పందెమంటే గుంపుగా తొక్కేది కాదు. నిమిషానికి ఒకరిని వదులుతారు. ముందు పోయేవాళ్ళతో పని లేదు, వెనక వచ్చేవాళ్ళతో పని లేదు, పోటీ అంతా గడియారంతోనే. టైమ్ ట్రయల్ అంటారట. రెండున్నర కిలోమీటర్లు పోయి, నడిరోడ్డులో పెట్టిన నీలం డ్రమ్మును చుట్టి వెనక్కి రావాలి. అట్లా రెండుసార్లు. పద్దెనిమిది నిమిషాల లోపల ముగిస్తే శిక్షణ శిబిరంలో చేర్చుకుంటారు. వచ్చే ఏటికి దాని వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్కసారే.

వారం ముందు మురుంగపాక్కం దగ్గర సాధన చేస్తూ పిల్ల కళ్ళు తిరిగి పడింది. చెమట ఆరిపోయినా, చూపు నిలవకపోయినా ఇంక తొక్కనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. నా కోడలు లోకేశ్వరి పందెమే వద్దంది. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి తల్లీకూతుళ్ళకు నా పేరు మీద ఒప్పందం కుదిరింది. అవ్వ డ్రమ్ము దగ్గర నిలబడుతుంది. ముఖం చూసి అవ్వ చాలంటే దిగిపోవాలి, మారుమాట లేదు.

ఆరు గంటలకని చెప్పిన పందెం, రోడ్డు ఖాళీ చేయించేసరికి తొమ్మిదిన్నర దాటింది. సముద్రం గాలి ఇంకా మొదలు కాలేదు. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. డ్రమ్ము దగ్గర ఎర్ర జెండా పట్టుకున్న మనిషి పేరు అళగేశన్. లోకేశ్వరి నన్ను అక్కడ దింపి, అతనితో తమిళంలో గట్టిగా చెప్పింది.

"పోయిన వారం పడిపోయింది అన్నా. పాట్టి చాలు అన్న మరుక్షణం ఆపేయాల. అది వినకపోయినా మీరు పట్టుకుని ఆపాల."

పాట్టి అంటే అవ్వ, నేనే. నేనూ విన్నాను. విని తల కూడా ఊపాను.

"అత్తా, మూతి మీద చెమట ఉండాదా లేదా, అది ఒక్కటి చూడు," అని నాకు చెప్పి, స్కూటరు తిప్పుకుని కూతురి దగ్గరికి పోయింది.

కీర్తిక నంబరు పద్నాలుగు. మొదటిసారి డ్రమ్ము దగ్గరికి వచ్చినప్పుడు ముఖమంతా నూనె రాసినట్టు మెరుస్తోంది.

"ఎట్టుండావే?" అని అరిచాను.

"బాగుండా అవ్వా!" అంటూనే చుట్టి వెళ్ళిపోయింది.

ఇంక తొమ్మిది నిమిషాలు కాచుకోవాలి. ఆపరేషను అయిన కంటికి ఆ ఎండ సూదుల్లా గుచ్చుకుంటోంది. గొడుగు ముందుకు వంచి రోడ్డునే చూస్తున్నాను. ఇంతలో పదో నంబరు పిల్ల రెండోసారి వచ్చి, డ్రమ్ము చుట్టలేక రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంది. అళగేశన్ తడి తువ్వాలు దాని తల మీద వేసి, నీళ్ళిచ్చి, జీపు ఎక్కించి పంపాడు. తిరిగి వచ్చి జెండా అందుకుంటూ నాతో అన్నాడు.

"మీ పిల్ల ఎట్లా వస్తుందో చూడండి పాట్టీ. కొంచెం అనుమానం ఉన్నా చెప్పేయండి."

మురుంగపాక్కంలో పడిన రోజు పిల్లను ఇంటికి తెచ్చినప్పుడు దాని నుదురు నేనే తాకాను. పెనంలా పొడిగా కాలిపోతోంది. ఆ పొడితనం ఇంకా నా అరచేతిలోనే ఉంది.

దూరంగా కనిపించింది. తల వంచేసి ఉంది, ముఖం కనపడలేదు. సైకిలు కొంచెం అటూ ఇటూ పోతోంది. చాలు అనే మాట నా నోటిదాకా వచ్చింది. గొడుగు పారేసి రోడ్డు అంచుకు పోయాను.

"తలెత్తవే! నన్ను చూడు!"

ఎత్తింది. సూటిగా నన్నే చూసింది. ముక్కు కింద బొట్లు బొట్లుగా చెమట, గడ్డం నుంచి కారుతోంది. నా ప్రాణం లేచి వచ్చింది.

"పోదుం!" అని కేక పెట్టాను. "పోదుం, పోదుం!"

అళగేశన్ ఒక్క దూకు దూకి, జెండా అడ్డం పెట్టి, డ్రమ్ము చుట్టి వస్తున్న సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. కీర్తిక కాలు తారు మీద పడింది.

"విడన్నా! ఏంది ఇది? యాడ చాలన్న్యా నేను?"

"పాట్టి చెప్పేసింది పాపా. దిగు."

అప్పుడు తెలిసింది నాకు. తమిళంలో పోదుం అంటే చాలు. ఈ ఊళ్ళో పుట్టి అరవై ఎనిమిదేళ్ళుగా అంగట్లో, బస్సులో రోజూ ఆ మాట అంటూనే ఉన్నాను. ఇంట్లో పోదుం వేరు, వీధిలో పోదుం వేరు. రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు, ఆ రోజు దాకా.

"అయ్యో, అది కాదయ్యా! మా తెలుగులో పోదుం అంటే పోదాం రా అని! వదులు దాన్ని!"

అతను నమ్మలేనట్టు నన్నూ పిల్లనూ చూశాడు. "నిజంగానా? చాలు అనలేదా?"

"అనలే, అనలే! వదులు!"

వదిలాడు. నిలిచిన సైకిలు ఊపందుకోవడానికి కష్టపడుతుంటే నా చెయ్యి సీటు వైపు పోయింది.

"తాకొద్దు పాట్టీ! తాకితే పేరు కొట్టేస్తారు!"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పిల్ల ఇంకా నా వైపే చూస్తోంది, ఏ మాట నమ్మాలో తెలియనట్టు. పోదుం అనే మాట ఇంక పనికిరాదు. ఇద్దరికీ, రెండు భాషల్లోనూ ఒకే అర్థం వచ్చే మాట ఒక్కటే మిగిలింది. కాపురానికి వచ్చింది మొదలు నేను ఎవరినీ అనని మాట.

"పో!" అన్నాను. "పోవే! పో!"

దాని ముఖంలో ఏదో మారింది. పళ్ళు బిగించి, సీటు మీద నుంచి లేచి తొక్కింది. అది కనుచూపు దాటాక, "పోయి రా తల్లీ," అని రోడ్డుకు చెప్పాను.

"ఎంత పోగొట్టినాం?" అని అడిగాను.

అళగేశన్ గడియారం చూశాడు. "పదిహేను సెకన్లు ఉంటుంది పాట్టీ. నాదే తప్పు."

"నీది కాదు నాయనా. నా నోటిది."

పదిహేనో నంబరు వచ్చి తిరిగిపోయింది, పదహారు కూడా. చివరికి అతని ఫోను మోగింది. చెవిలో పెట్టుకుని, "పదినెట్టు..." అన్నాడు.

పద్దెనిమిది. నేను అక్కడే మైలురాయి మీద కూర్చుండిపోయాను.

అతను ఇంకా వింటున్నాడు. మూడు వేళ్ళు ఎత్తి నా వైపు చూపించాడు. "పదినెట్టుకు మూణు సెకండు కమ్మి పాట్టీ! కమ్మి!"

కమ్మి అంటే తక్కువ. ఆ మాటకు మాత్రం మా ఇంట్లోనూ వీధిలోనూ ఒకటే అర్థం.

పందెం అంతా ముగిశాక తల్లీకూతుళ్ళు స్కూటరు మీద వచ్చారు. పిల్ల తలమీద నీళ్ళు పోసుకున్నట్టుంది, జడ కారుతోంది. నేను ముందు దాని నుదురు తాకి చూశాను. వెచ్చగా, తడిగా ఉంది.

"నన్ను పో అంటివే అవ్వా!"

"అంటినే."

"పొమ్మన్నాదే అని ఏడుపొచ్చె నాకు. ఏడ్చుకుంటానే తొక్కితి, తెలుసునా?"

"ఇంక ఎప్పుడూ అనను లేవే."

"వచ్చే పందెంలో ఒకసారి అను," అంది.

లోకేశ్వరి నవ్వాలో తిట్టాలో తెలియక నా గొడుగు ఏరుకొచ్చింది. అళగేశన్ క్యాను తెచ్చి నా గ్లాసులో మజ్జిగ పోస్తూ, అంచుదాకా నిండాక ఆగి అడిగాడు.

"పోదుమా పాట్టీ?"

నేను అలవాటుగా లేచి చెప్పులు వేసుకున్నాను. కీర్తిక నా ముఖం చూసి, కడుపు పట్టుకుని ఆ మైలురాయి మీద కూలబడి నవ్వింది.