రెండో తూము

బర్నబా దొడ్డి తలుపు దగ్గరే ఆగి చెప్పాడు. "అమ్మ, మీ లెట్రిన్ తూముకు ఇసుక సంచి కొట్టినం. ఇగ నేను సందుల దిగుతున్న. మళ్ల మేం చెప్పేదాంక అండ్ల నీళ్లు గుమ్మరియ్యకుండ్రి."

"ఎంతసేపు పడుతుంది?" అంది కమలాకుమారి.

"పక్కింటోళ్ల బిరడా గుంజుడే గద. జల్దీనే అయితది."

పక్క క్వార్టరు వాళ్లు డ్రైనేజీ రుసుము కట్టడం మానేశారని ఫ్యాక్టరీ కాలనీ ఆఫీసు వాళ్లు వాళ్ల మురుగు గొట్టానికి కర్ర బిరడా కొట్టించారు. కరెంటు కోసినట్టే ఇదీ. నాలుగు రోజులకు దొడ్డంతా పొంగి, వీధి చివరిదాకా వాసన కొట్టాక వాళ్లు డబ్బు కట్టేశారు. ఇప్పుడా బిరడా ఊడదీయాలంటే ఇళ్ల వెనక సందులో ఉన్న మ్యాన్‌హోలులోకి మనిషి దిగాలి. దిగేముందు ఎగువ ఇళ్ల తూములన్నీ ఇసుక సంచులతో మూస్తారు. లేకపోతే పైనుంచి వచ్చేదంతా దిగినవాడి నెత్తిన పడుతుంది. అందుకే ఆ పొద్దున బర్నబా, అతని జోడీ చిన్నరాములు ఇంటింటి దొడ్లోకీ వచ్చి వెళ్లారు.

వాళ్లటు వెళ్లగానే వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. నాగరత్నంగారు మడి కట్టుకుని గారెల పిండి రుబ్బుతున్నారు. ఆ రోజు మావగారి తద్దినం.

"చూశావుటే అమ్మాయ్, తులసికోటని రాసుకుంటూ నడిచారు. మధ్యాహ్నానికి భోక్తలు వచ్చి కాళ్లు కడుక్కునేది అక్కడేగా. దొడ్డి కడిగేసి స్నానానికి వెళ్లు."

"నీళ్లు పోయొద్దన్నాడండీ."

"లెట్రినులో పోయొద్దన్నాడు. దొడ్లో పోయొద్దన్నాడా?"

నిజమే అనిపించింది కమలకు. ఆ క్వార్టరుకు తూములు రెండు. కొత్త మురుగు లైను వేసినప్పుడు తూముకింత అని రుసుము పెట్టారు. లెక్క చూడ్డానికి ఆఫీసు మనిషి వచ్చిన రోజు, నాగరత్నంగారు దొడ్డి తూము మీద ఉన్న షాబాదు బండపై పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. పెద్దావిణ్ణి లెమ్మనలేక ఆయన ఒకటే రాసుకుని పోయాడు. కమల భర్త రామలింగేశ్వరరావు సంతకం పెట్టాడు. అప్పట్నుంచి ఆ తూము మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చెప్పకపోవడం అలవాటై, ఆ నీళ్లు ఎటో పోతున్నాయనుకోవడమూ అలవాటైపోయింది.

ఏ పనైనా సగం చెయ్యడం కమలకు రాదు. బర్నబావాళ్ల అడుగుల జాడ వెంట బ్లీచింగు పొడి చల్లింది. షాబాదు బండ జరిపి, అంచున పట్టిన పాచి మీద సీసాలో మిగిలిన యాసిడ్ అంతా ఒంపింది. చీపురుతో పొడిని అటు ఊడ్చి బకెట్టు నీళ్లు కుమ్మరించింది. ఇంకో బకెట్టు, మరొకటి. తూము సుర్రుమంటూ మింగింది.

అప్పుడు కొట్టింది ఆ ఘాటు. గొంతులో సూదులు గుచ్చినట్టయి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ వాసన ఆమెకు తెలుసు. బందరు కాలేజీలో ప్రాక్టికల్స్ రోజున ఒకసారి సీసా పగిలితే లెక్చరరుగారు అందరినీ వరండాలోకి తోలేశారు. ఆ వాయువు గాలికంటే బరువని, పల్లానికే దిగుతుందని పరీక్షలో రాసింది కూడా.

పల్లానికి.

గోడ అవతల చిన్నరాములు పిలుస్తున్నాడు. "బర్నబన్నా. ఓ బర్నబన్నా, పలుకు."

కమల చేతిలో బకెట్టు ఎప్పుడు జారిందో తెలీదు. దొడ్డి తలుపు తీసుకుని సందులోకి పరుగెత్తింది. మ్యాన్‌హోలు మూత పక్కకు తీసి ఉంది. చిన్నరాములు తాడు పట్టుకుని నోరు తెరిచిన గుంతలోకి చూస్తున్నాడు.

"గుంజితే తిరిగి గుంజాలె గదమ్మా. గుంజుతలేడు." అంటూనే తలగుడ్డ విప్పి మూతికి కట్టుకున్నాడు. ఒక కాలు లోపలి ఇనప మెట్టు మీద పెట్టాడు.

కమల అతని భుజం పట్టుకుంది. "దిగకు."

"ఇడువుండ్రి. మా అన్న అండ్ల ఉన్నడు."

"నువ్వు దిగినా పడిపోతావు. లోపల యాసిడ్ గాలి ఉంది."

"మీకెట్ల ఎర్క?"

వెనక దొడ్డి గుమ్మంలో రామలింగేశ్వరరావు నిలబడ్డాడు, తడి పంచెతో. "కమలా, లోపలికి రా," అన్నాడు మెల్లిగా. ఆ మెల్లిదనంలో ఏముందో ఆమెకు అర్థమైంది. మురుగు గాలికి మనుషులు పడిపోవడం మామూలే. ఎవరూ అడగరు. చిన్నరాములు కాలు ఇంకో మెట్టు దిగింది.

"మా దొడ్లోంచి నేనే పోశాను," అంది.

"మీ తూము నేనే మూసిన గద."

"ఇంకొకటి ఉంది. బండ కింద."

చిన్నరాములు ఆమె మొహంకేసి ఒక్క క్షణం చూశాడు. కాలు పైకి తీసుకుని తాడు గుంజాడు. తాడు బిగిసింది గాని కదల్లేదు. కమల ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. కింద మసక వెలుగులో ఒక చెయ్యి మెట్టును పట్టుకునే ఉంది. తల పక్కకు వాలిపోయింది. తాడు ఇనప మెట్టు కింద చిక్కుకుంది.

"కొంచెం వదిలి, ఇటువైపునుంచి లాగు," అని తనూ తాడు పట్టుకుంది. ఇద్దరి బలం చాల్లేదు. తడి కొబ్బరితాడు అరచేతుల్ని కోస్తూ జారుతోంది. కింద ఆ చెయ్యి మెట్టునుంచి విడిపోవడం చూసి ఆమె తాడును మణికట్టుకు చుట్టుకుంది. ఇంతలో తాడు మీద ఇంకో రెండు చేతులు పడ్డాయి. రామలింగేశ్వరరావు. లోపల్నుంచి తల్లి "ఒరేయ్, మడిరా," అంటున్నా అతను వెనక్కి చూడలేదు.

బర్నబా నీళ్లు పీల్చిన బస్తాలా పైకి వచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. సందు మట్టిలో వెల్లకిలా పడుకోబెట్టారు. కమల అతని ఛాతీకేసి చూస్తూ నిలబడింది. అది కదల్లేదు. ఇంకా కదల్లేదు. తర్వాత ఈల వేసినట్టు సన్నని శబ్దంతో ఒక శ్వాస లోపలికి పోయింది.

ఫ్యాక్టరీ వ్యాను వచ్చేసరికి వీధి వీధంతా చేరింది. "ఆస్పత్రిల డాక్టరుకు ఎవలు జెప్పాలె?" అన్నాడు చిన్నరాములు ఆమెవైపు చూడకుండా. కమల వ్యాను ఎక్కింది.

ఏయే పదార్థాలు కలిశాయో ఆమె చెబుతుంటే డాక్టరు రాసుకోలేదు, పరుగెత్తాడు. ఆక్సిజను పెట్టించి వచ్చాక అన్నాడు: "ఇప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే సాయంత్రానికి చేరుతుంది. చూడాలి."

బర్నబా భార్య లీలమ్మ మిషను బడిలో ఆయా. కబురందగానే నడిచి వచ్చింది. మంచం పక్కన ఉన్న కొత్త మనిషిని చూసి, "మీరు ఎవలమ్మా?" అంది.

కమల చెప్పింది. తూము సంగతి, బండ సంగతి, యాసిడ్ సంగతి. ఒక్కటీ వదల్లేదు. చెప్పాక, కొడుతుందేమో అనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

లీలమ్మ మొగుడి మొహం చూసింది. "ఒక్క తూము పైసలు మిగిలినయా మీకు," అంది. తర్వాత, "యాడికీ పోకుండ్రి. నేను ఆ పక్క కూసుంట. మీరు ఈ పక్క కూసోని శ్వాస సూడుండ్రి," అంది.

ఇద్దరూ చూశారు. ప్రతి శ్వాసకూ ముందు ఒక ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో కమల తన శ్వాస బిగబట్టేది. ఒకసారి ఆ ఖాళీ మరీ పెద్దదైతే లీలమ్మ, "ప్రభువా," అంటూ మంచం పట్టె పట్టుకుంది. కమల డాక్టరు కోసం పరుగెత్తింది. వచ్చేసరికి దగ్గు తెర వచ్చి, నురగ పోయి, శ్వాస మళ్లీ అందుకుంది. ఇంట్లో భోక్తలు వచ్చారో, వెనక్కి వెళ్లిపోయారో ఆమెకు గుర్తే రాలేదు.

పొద్దు వాలుతుండగా డాక్టరు స్టెతస్కోపు పెట్టి రెండువైపులా విన్నాడు. "నీరు చేరలేదు. గండం గడిచినట్టే," అన్నాడు.

బర్నబా కళ్లు తెరిచాడు. ముందు భార్య కనిపించింది. ఆ తర్వాత కమలను చూసి, అలవాటుగా లేవబోయాడు.

"అమ్మా… మీరేంది గిక్కడ," అన్నాడు గీరుకుపోయిన గొంతుతో. "నాకోసం వచ్చిండ్రా?"

లీలమ్మ అతన్ని మళ్లీ పడుకోబెట్టి, కమలవైపు తిరిగింది. "నాకు చెప్పినట్టే చెప్పుండ్రి ఆయనకు," అంది.

అతను ఎంతో మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. కమల స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.

"మా ఇంట్లో ఇంకో తూము ఉంది బర్నబా," అని మొదలుపెట్టింది.