ఆడవాళ్ల వంతు

సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, పొయ్యి రాజెయ్యడం నా పని. సరస్సు నుంచి నీళ్లు మోసేదీ, కట్టెలు పేర్చేదీ, కూర్చునే బల్లలు కడిగేదీ నేనే. మా వేసవి కుటీరంలో శనివారాల్లో ముందు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు ఆవిరిస్నానం చేస్తారు. నేను మాత్రం అందరిదీ అయ్యాక, పొయ్యి చల్లారాక, ఒక్కదాన్నే పోతాను. "వంటపని ఉంది, మీరు కానివ్వండి" అంటాను. పనేమీ ఉండదు. నూలుపోగు లేకుండా వాళ్ల మధ్య కూర్చోవాలంటే సిగ్గు, అంతే.

ఒక వేసవిలో భోజనాల దగ్గర మా ఆయన వెసా, సాసేజీ నములుతూ, "అమ్మా, దీన్ని సౌనాలో పై బల్ల ఎక్కనివ్వకు. రేప్పొద్దున అది విరిగితే మేకులు కొట్టుకోవాల్సింది నేనే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేనూ నవ్వానన్నదే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది. ఆయన పొట్ట బెల్టు దాటి వేలాడుతుంటే మాత్రం మా అత్తగారు హిల్కా, "మగాడన్నాక ఆ మాత్రం ఉండాలి" అంటుంది.

ఈ వసంతంలో నేను పనిచేసే వృద్ధాశ్రమం సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు చేశారు. నర్సు నా బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగించి, "బీఎంఐ ఇరవై తొమ్మిది. ఇరవై అయిదు లోపుంటే మంచిది" అంది. నేను తల దించుకున్నాను.

"ఇదేం మీకు వేసిన మార్కు కాదండీ. ఇందులో కొవ్వెంతో, కండెంతో తెలీదు. రోజూ ముసలివాళ్లని లేపి కూర్చోబెడతారు కదా, మీకు కండ ఉంటుంది. నడుం చుట్టుకొలత, బీపీ కూడా చూద్దాం."

చూసింది. కాస్త తగ్గితే బీపీకి మంచిదంది. తర్వాత, "ఇంట్లో ఎన్నింటికి కూర్చుని తింటారు?" అని అడిగింది. కూర్చునా? పిల్ల వదిలేసిన బంగాళాదుంపలు, ఆయన పళ్లెంలో మిగిలిన మాంసం, పారెయ్యడానికి మనసొప్పక సింకు దగ్గర నిలబడి తినేవే నా భోజనం. ఆ మాట పైకి చెప్పడం నా బరువు చెప్పడం కన్నా నామోషీ అనిపించింది. "టైమంటూ లేదండీ" అని లేచి వచ్చేశాను.

ఈ శనివారం పొయ్యి బాగా అంటుకుంది. అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లింది. పద్నాలుగేళ్ల మా కూతురు ఇన్కా మాత్రం సౌనా మెట్ల మీదే కూర్చుంది, మోకాళ్లు స్వెటర్లోకి లాక్కుని.

"వెళ్లవేం?"

"చివర్లో నీతో వస్తా."

"అప్పటికి వేడుండదే."

"లేకపోతే పోనీ. ఎవరూ చూడరు కదా." స్వెటర్ని ఇంకాస్త కిందికి గుంజుకుని, "నా తొడలు కూడా నీలాగే అవుతున్నాయమ్మా" అంది.

ఈ పిల్ల ఒంట్లో చిటికెడు కొవ్వు లేదు. దీనికి నేను ఒక్క మాట నేర్పలేదు, ఏళ్ల తరబడి చేసి చూపించానంతే. నా సిగ్గుకి నాకే సిగ్గేసింది.

అక్కడే, వరండాలోనే, బట్టలు విప్పి కొక్కేనికి తగిలించాను. నా పొట్ట, దాని మీద ఇన్కాని కన్న చారలు, అన్నీ పిల్ల చూస్తూనే ఉంది. చేతులు అడ్డం పెట్టుకోబోయి ఆపుకున్నాను. సౌనా తలుపు తీశాను.

అత్తగారు కళ్లు కూడా తెరవలేదు. "తలుపెయ్యవే, ఆవిరంతా పోతోంది."

"పోనివ్వండి అత్తయ్యా, ఇన్కా వస్తోంది" అన్నాను. తలుపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.