శారదమ్మ అనని మాట

దేశవాణి టీవీ వాళ్ల వ్యాను గేటు ముందు ఆగిందని తెలియగానే గోవిందప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మైకు ముందు మాట్లాడింది మాత్రం ఆయన భార్య శారదమ్మ.

నల్లగండ్లలో వాళ్లుండే అపార్ట్‌మెంట్ కుళాయిల్లో నీళ్లు వాసన రావడం మొదలై అప్పటికి వారం దాటింది. కడుపునొప్పి లేని ఇల్లు లేదు. స్తోమత ఉన్నవాళ్లు క్యాన్లు తెప్పించుకుంటున్నారు. వెనక రేకుల షెడ్లలో ఉండే కూలీలదీ అదే పైపులైను. వాళ్లు బిందెలు పట్టుకుని పెట్రోలు బంకు దాకా నడుస్తున్నారు. ఎవరికి ఫోన్ చేసినా చూస్తామంటున్నారు తప్ప వచ్చి చూసినవాళ్లు లేరు. ఆ వారమే మంత్రిగారు ఆ వైపు కొత్త నీటి పథకం ప్రారంభించాల్సి ఉంది.

"వీళ్లకు చెప్పుకుని ఏం లాభం? వీళ్ల వార్తలంటే రిబ్బన్లు కత్తిరించడమే కదా," అని ఎవరో గొణిగారు. గోవిందప్పకు కోపం వచ్చింది. కదిరి దగ్గర హైస్కూల్లో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. దేశవాణి ఇంకా రేడియోగానే ఉన్న రోజుల నుంచీ ఆ వార్తలు వినందే ముద్ద ఎత్తడు. మిగతా ఛానళ్లవి అరుపులనీ, వార్త అంటే దేశవాణిదేననీ కొడుకు మధుసూదన్‌తో రోజూ వాదన పెట్టుకుంటాడు.

విలేకరి తేజస్విని మర్యాద తెలిసిన పిల్ల. "మీరు చెప్పండమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అని మైకు ముందుకు పెట్టింది.

శారదమ్మ చీర చెంగు సర్దుకుంది. "పోయినేడు ఎవరొచ్చి అడిగినా, మా నీళ్లు బాగుండాయి, భయం లేకుండా తాగండి అని నేనే చెప్తాంటి. ఇప్పుడు మూత తీస్తే కుళ్లు వాసన. పిల్లోళ్లు వాంతులు చేసుకుంటాండారు. ఈ నీళ్లు ఎవరూ తాగగూడదు," అంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. మంత్రిగారి పర్యటన ఏర్పాట్ల గురించి చాలాసేపు చెప్పాక నల్లగండ్ల పేరు వినిపించింది. తెర నిండా శారదమ్మ ముఖం.

"మా నీళ్లు బాగుండాయి, భయం లేకుండా తాగండి."

అంతే. ఆ వెంటనే నవ్వుతున్న యాంకరు, తర్వాత క్రికెట్.

శారదమ్మ తెర దగ్గరికి జరిగింది. తన గొంతే, తన చీరే, తన మాటలే. "నేను అట్ల అనలా," అంది. "నువ్వూ పక్కనే ఉంటివి కదా, ఇన్లేదా?"

గోవిందప్ప తెర మీంచి చూపు తిప్పలేదు. "జనం గోలలో నాకు సరిగా ఇనపళ్లా. అనే ఉంటావులే. మర్చిపోయింటావు. దేశవాణోళ్లు లేనిది చూపించరు."

నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను చాలాసార్లు కసురుకున్నాడు. అబద్ధమాడుతున్నావని ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి శారదమ్మకు అన్నం సహించలేదు.

తేజస్వినికి ఫోన్ చేసింది. "నేను మొత్తం పంపానండీ. పైవాళ్లు కోశారు," అంది ఆ పిల్ల, పక్కన ఎవరో ఉన్నట్టు గొంతు తగ్గించి. "దయచేసి మళ్లీ ఈ నంబరుకి చెయ్యకండి."

మర్నాడు ఆ ముక్క గంటకోసారి వచ్చింది. అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర తెర మీద వచ్చింది. కూరగాయల కొట్టులో టీవీలో వచ్చింది. మధుసూదన్‌కు గచ్చిబౌలి ఆఫీసులో కాఫీ యంత్రం పక్కన కనిపించిందట. "అమ్మా, ఎంతిచ్చారని అడుగుతున్నారు అందరూ," అన్నాడు నవ్వబోయి, నవ్వలేక. కింది అంతస్తు ఆమె శారదమ్మను చూసి తలుపు వేసుకుంది.

ఇంట్లో పనిచేసే కొమురమ్మ రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చింది గానీ చెప్పులు విప్పలేదు. గుమ్మం బయటే నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది కొమురమ్మా?"

"మా అత్త పోయిందమ్మా."

కొమురమ్మ అత్త సాయమ్మ. షెడ్డు ముందు మంచం వేసుకుని, దారిన పోయే అందరినీ పలకరించే ముసలామె. శారదమ్మ గుమ్మం పట్టుకుంది.

"మేం బంకు కాడికెంచి తెచ్చిన నీళ్లే తాగిపిస్తుంటిమి. నేనూ మా ఇంటాయన లింగయ్య పనికి పోయినంక టీవీల నిన్ను జూసిందంట. మా కోడలు పనిజేసే ఇంటమ్మనే చెప్తుంది, ఇగ ఫికర్ ఏందని నల్లా నీళ్లు కడుపు నిండ తాగింది. వాంతులు, విరేచనాలు. దవాఖానకు తీస్కపోయేటాల్లకే కండ్లు తేలేసింది." కొమురమ్మ ఏడవలేదు. "నువ్వెందుకు గట్ల చెప్తివమ్మా? నీకు మేమేం జేసినం?"

"నేను చెప్పలేదే తల్లీ!"

"నా కండ్లతోని నేను జూసిన," అని కొమురమ్మ వెళ్లిపోయింది.

సాయమ్మ పోయిన సంగతి తెలిశాక, ఆ రోజు శారదమ్మ మాట చెవులారా విన్న అపార్ట్‌మెంట్ వాళ్లూ షెడ్ల వాళ్లూ ఆమెను వెంటబెట్టుకుని మాదాపూర్‌లోని దేశవాణి ఆఫీసుకు వెళ్లారు. రోడ్డు నిండిపోయింది. ఏయే ఊళ్ల నుంచో వచ్చి దారిన పోతున్నవాళ్లు కూడా ఆగి కలిశారు. మా పంట మునిగితే చూపించలేదని ఒకరు, మా కాలేజీ గొడవను పండగలాగా చూపించారని ఇంకొకరు. ఎన్నాళ్లదో కోపం అది. ఐడీ కార్డులు మెళ్లో వేసుకున్న ఆఫీసుల వాళ్లు ఫోన్లెత్తి వీడియోలు తీశారు. లోపలికి మాత్రం శారదమ్మ ఒక్కదాన్నే పిలిచారు.

చల్లటి గది. వార్తల అధికారి ఆమెకు టీ తెప్పించాడు. "మాటలు మీవే కదమ్మా? మేం ఒక్క అక్షరం కూడా కలపలేదు," అన్నాడు.

"కలపలా. తీసేస్తిరి. ఒక మనిషి సచ్చిపోయింది."

"చాలా బాధాకరం. అయితే ఆవిడ వయసు కూడా చూడాలి కదండీ." ఆయన నవ్వు ఎక్కడా చెదరలేదు. "పోనీ, మీ తృప్తి కోసం ఇంకోసారి మాట్లాడండి. ఈ సాయంత్రమే వేద్దాం."

శారదమ్మ కెమెరా ముందు కూర్చుంది. ఎంత చెబితే వాళ్లకు అంత గుడ్డ దొరికినట్టు. కావలసిన చోట కత్తెర పెడతారు. వాక్యాన్ని కోయొచ్చు. ఒక్క మాటను ఎక్కడ కోస్తారు?

"మీ పేరు చెప్పండమ్మా," అన్నారు.

"తాగొద్దు."

"అదే, నీళ్లు ఇప్పుడెలా ఉన్నాయి?"

"తాగొద్దు."

"అధికారులు స్పందించారా?"

"తాగొద్దు."

ఎన్ని అడిగినా అదే మాట. చివరికి వాళ్లు దీపాలు ఆర్పేశారు. తలుపు దాకా సాగనంపిన అధికారి అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

సాయంత్రం తెర మీద ఆమె పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. ఆ ముఖం మీద యాంకరు గొంతు మృదువుగా చెప్పుకుపోయింది: "పుకార్లు నమ్మి ఎవరూ ఆందోళన చెందవద్దని స్థానికురాలు శారదమ్మ మరోసారి విజ్ఞప్తి చేశారు. మంత్రిగారి పర్యటనకు స్వాగతం పలుకుతున్నామని..."

శారదమ్మ కళ్లు మూసుకుంది. పక్కన గోవిందప్ప ముందుకు వంగాడు. పరీక్ష హాల్లో పిల్లలు పెదాలతోనే జవాబులు అందించుకుంటుంటే పట్టుకున్న మనిషి ఆయన. తెర మీద భార్య పెదాలనే చూస్తున్నాడు.

"తాగొద్దు," అన్నాడు మెల్లగా. "తాగొద్దు అంటాండావు నువ్వు. ఆ యమ్మి చెప్పేది నువ్వు అనలా."

శారదమ్మ కళ్లు తెరిచింది.

"మొన్న కూడా అనలా, కదా?" అన్నాడు గోవిందప్ప. లేచి టీవీ కట్టేశాడు. కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "పద. షెడ్లకాడికి పోదాం. ఇంటింటికీ మనమే చెప్దాం."

వాళ్లు వెళ్లేసరికి ఇంకా వెలుతురుంది. ప్రతి షెడ్డులోనూ టీవీ మోగుతోంది. శారదమ్మ తలుపు కొట్టి "తాగొద్దండి" అంటుంటే, వెనక గదిలోంచి యాంకరు గొంతు ఆమె పేరే చెబుతోంది. కొందరు బిందెలు కుమ్మరించారు. కొందరు ఆమెనూ టీవీనీ మార్చి మార్చి చూసి, "ఏది నమ్మాల్నమ్మా మేము?" అని తలుపేసుకున్నారు. కొమురమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది. పలకరించలేదు, లోపలికీ పోలేదు.

అప్పుడు జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఎస్సై వినయంగానే అడిగాడు. "టీవీలో మాట్లాడే అమ్మ మీరేనా? పుకార్లు పుట్టిస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. జర జీపెక్కండి."

"నా భార్యను ఒక్కదాన్నే పంపించను," అని గోవిందప్ప ముందే ఎక్కి కూర్చున్నాడు.

జీపు కదిలింది. స్టేషనుకు పోయే మలుపు వచ్చింది, దాటిపోయింది. "ఇటు కాదు కదప్పా స్టేషను?" అన్నాడు గోవిందప్ప.

"స్టేషన్‌కు కాదు సార్, మాదాపూర్‌కు," అన్నాడు ఎస్సై వెనక్కి తిరగకుండానే. "అమ్మ మల్లొక్కసారి మాట్లాడాల్నంట. ఈసారి ఏం మాట్లాడాల్నో వాళ్లే రాసి పెట్టిన్రట. చదివితే సాలు, కేసు ఉండదు."

గోవిందప్ప భార్య చెయ్యి పట్టుకున్నాడు. రోడ్డుకు అటూ ఇటూ అద్దాల మేడల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"చదువుతావా?" అని అడిగాడు, ముందు సీటుకు వినపడకుండా.

శారదమ్మ తల అడ్డంగా ఊపింది. చదవనన్న మాట కూడా పైకి అనలేదు.