ఓడినవాళ్ళ అర

పొద్దున్నే గంజి కాచి, మేకను బయట కట్టేసి, సారమ్మ రేకుపెట్టె ముందేసుకుని కూర్చునేది. ఇత్తడి బిల్లలను చింతపండుతో తోమాలి, వాటిని కట్టే పట్టు రిబ్బన్లను నీడన ఆరేయాలి. అమెరికాలో ముత్తాతల కాలంలో ఓట్లప్పుడు జనం అంగీలకు కట్టుకు తిరిగినవవి. ఒక్కోదాని మీద ఓట్లకు నిలబడ్డ ఒక్కో గడ్డం దొర బొమ్మ. సూర్యాపేట మిషన్ బంగళాలో వంట చేసినన్నాళ్ళు తెల్లదొర వాటిని ఏరిపెట్టుకుంటుంటే చూసి చూసి ఆమెకూ ఆ పిచ్చి పట్టుకుంది. దొర తన దేశానికి పోతూ పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాతైనా ఊరుకుందా! మిర్యాలగూడ, కోదాడ బంగళాల వంటవాళ్ళకు కోడిగుడ్లిచ్చి మరీ ఇంకొన్ని సంపాదించింది.

పెట్టెలో రెండు అరలు. ఒకటి గెలిచినవాళ్ళది, ఒకటి ఓడినవాళ్ళది. గెలిచినవాళ్ళవి వట్టి రేకుముక్కలే. ఓడినవాణ్ణి మాత్రం ఎవరు చూస్తారు? వాడి బిల్ల కట్టుకున్న ప్రాణి ఎవరి కంటికీ ఆనదు, దాని అరుపు ఎవరి చెవికీ ఎక్కదు, రోజూ తోమిపెట్టే సారమ్మకు తప్ప. ఆమె వేసిన ముడి ఆమే విప్పాలి, ఎవరు లాగినా రాదు, కోసినా తెగదు. దేశ్‌ముఖ్ గడీ మనుషులు మేకల కోసం వచ్చినప్పుడల్లా తన మేక మెడకు ఆ అరలోని ఒక రిబ్బన్ కట్టేది. కొరికిన మొక్కల్ని చూసి "మళ్ళ సారమ్మ మేకనే" అని చేనువాళ్ళు తిట్టుకునేవారు, అంతే.

నలభై ఎనిమిది ఎండాకాలంలో గడీ గుమస్తా నర్సింగం నిజాం రజాకార్లను లారీలో వెంటేసుకొచ్చాడు. గడీకి ఎదురు తిరిగిన సంఘంలో తిరిగే ఏసోబు కావాలి వాళ్ళకు. ఏసోబు సారమ్మ తమ్ముడు. ఎక్కడున్నాడో చెప్పనన్నాడు ఎదురింటి నాగయ్య. నర్సింగం అతన్ని వాకిట్లోకి ఈడ్చి, తల పగిలి ప్రాణం పోయేదాకా దుడ్డుకర్రతో బాదాడు. గుడిసెకు నిప్పు పెట్టించాడు. నాగయ్య భార్య చంద్రమ్మ కాళ్ళమీద పడి, "ఒక్కపాలి నా దిక్కు సూడు దొరా" అని మొత్తుకుంటుంటే చూడనైనా లేదు. నెత్తుటి చేతులు ఆమె కొంగుకే తుడుచుకుని సారమ్మ గుడిసెలోకి నడిచాడు.

ఏసోబు అక్కడే, మంచం మీదే ఉన్నాడు, తొడలో తూటాతో, రొమ్మున ఓడిన దొర రిబ్బన్‌తో. వాళ్ళకు ఖాళీ మంచమే కనబడింది. తుపాకి మడమతో సారమ్మ మొహం మీద గుద్దారు. పళ్ళు రాలినా ఆమె నోరు విప్పలేదు. అంతలో మంచం కింద ఒక నెత్తుటి చుక్క పడింది, పక్కనే ఇంకొకటి. ఒంటిని విడిచిన నెత్తురును రిబ్బన్ దాయలేదు.

"మంచం మీదికి తుపాకి పెట్టుర్రి!" అన్నాడు నర్సింగం.

సారమ్మ పెట్టెను కాలితో తన్నింది. బిల్లలు గలగలా దొర్లాయి. అన్నిటికన్నా పెద్దది, ఓడిన అరలోది, నర్సింగం కాలి దగ్గర ఆగింది. గడీ నౌకర్లలో ఎవడి రొమ్ము మీది బిల్ల ఎంత పెద్దదైతే వాడి మాట అంత చెల్లుబాటు. ఆ యావ లేనివాడు లేడక్కడ.

"ఆగుర్రి. ఇదేంది?"

"రాజ్యమేలనీకి నిలబడ్డ తెల్లదొరది అయ్యా," అంది సారమ్మ నెత్తురు ఉమ్ముతూ. అందులో అబద్ధమేమీ లేదు. "మీకు మస్తుగుంటది. నా చేత్తో కడత."

"కట్టు," అని రొమ్ము విరిచాడు. ఆమె ముడి వేసింది.

"గుమస్తా ఏడి?" రజాకార్లు తుపాకులు దించి దిక్కులు చూశారు.

"గీడనే ఉన్న గదరా! కాల్చుర్రి!" అతను గొంతు చించుకున్నాడు. బయటికి పోయాడేమోనని వాళ్ళు వాకిట్లో వెతికారు, విసుగొచ్చి లారీ ఎక్కారు. ఆ దుమ్ములో అతను లారీ వెంట మునగాల బాట దాకా పరుగెత్తాడు.

వానలు వెలిసి యూనియన్ మిలిటరీ వచ్చాక, రజాకార్లు ఖతమయ్యాక, ఎముకల గూడై నర్సింగం సారమ్మ గడపకు వచ్చాడు.

"నా పెండ్లామే నన్ను దాటుకుంట పోతుంది. ముడి ఇప్పు తల్లీ, నీ కాల్మొక్త."

ఆమెకు జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే మండింది. లోపల ఏసోబు కుంటుతూ నడుస్తున్న చప్పుడు.

"చంద్రమ్మ నిన్ను సూసిన నాడు ఇప్పుత," అంది.

అప్పటినుంచి అతను చంద్రమ్మ వాకిట్లో, కాలిన గోడ ముందు కూర్చుని "నా దిక్కు సూడు" అని ఏడుస్తూనే ఉన్నాడు. సారమ్మ అతని ముందు ఇంత గంజి పెట్టి వస్తుంది. చంద్రమ్మ వాకిలి ఊడుస్తూ ఒకనాడు ఆగింది.

"అక్కా, గీ జాగల రోజు తడి ఉంటది. ఎవలో ఏడ్సినట్టు."

సారమ్మ తన గడపలో బిల్ల తోమడం ఆపింది. నర్సింగం ఆశగా తలెత్తాడు.

చంద్రమ్మ కాసేపు ఆ తడి వంక చూసింది. తర్వాత కాలిన గుడిసె మూలన మిగిలిన గుప్పెడు బూడిద తెచ్చి దాని మీద చల్లి, చీపురు అందుకుంది.