ఎర్రముల్లు ఆగిన చోటు

నేను ఒక త్రాసును. బంగారం తూచేదాన్ని కాదు, బెల్లం తూచేదాన్నీ కాదు. మనిషి పిడికిలిని తూచేదాన్ని. కంపెనీవాళ్లు నాకు పెట్టిన పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది కాబట్టి, మా యూనివర్సిటీ ఆరోగ్య శాస్త్రాల ఫ్యాకల్టీలో అందరూ నన్ను గ్రిప్ మీటర్ అంటారు. రెండు ఉక్కు పిడులు, వాటి మధ్య బిగువైన స్ప్రింగు, పైన గడియారంలాంటి గుండ్రటి ముఖం. అంతే నేను. ఆ ముఖంలో రెండు ముళ్లున్నాయి. పిడుల్ని గుప్పిట్లో పెట్టి నొక్కితే నల్లముల్లు కదిలి, తనతోపాటు ఎర్రముల్లునీ తోసుకుపోతుంది. చెయ్యి వదలగానే నల్లముల్లు బుద్ధిగా సున్నాకి వచ్చేస్తుంది. ఎర్రది మహా మొండిది. ఎవరో ఒకరు వేలితో వెనక్కి తిప్పేదాకా చేరిన చోటే ఉండిపోతుంది.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక చిన్న కార్ఖానాలో. నన్ను చేసిన పెద్దమనిషి చివరి మర బిగించాక తానే ఒకసారి నొక్కి చూసి, ముల్లు వంక సంతృప్తిగా చూసుకుని, నీలం మఖమలు పరిచిన పెట్టెలో పడుకోబెట్టాడు. రైల్లో వచ్చాను, ఆటోలో వచ్చాను, ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంటు బీరువాలో స్థిరపడ్డాను. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు నన్ను పట్టుకుని ముల్లు ఒక్క గీత కదిలితే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. విద్యార్థులు పందాలు కాసేవారు. మగపిల్లలైతే నన్ను అందుకునే ముందు చొక్కా చేతులు మడుచుకుని, పళ్లు బిగించి, కనుబొమలు ముడిచి నానా హంగామా చేస్తారు. ముఖం ఎంత ముడిచినా నాకు లెక్కలోకి రాదని వాళ్లకు ఎవరు చెప్పాలి? తక్కువ వస్తే మాత్రం అందరిదీ ఒకటే మాట: “పొద్దున్న టిఫిన్ చెయ్యలేదు సార్.”

నాకు ఇంకో విద్య కూడా వచ్చు. అది నా ముఖం మీద కనిపించదు. శక్తంతా పెట్టి నొక్కిన చెయ్యి చివరికొచ్చేసరికి వణుకుతుంది. శక్తి దాచుకున్న చెయ్యి వణకదు. ముల్లు ఇద్దరికీ ఒకే అంకె చూపించినా పిడికి మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

నన్ను బీరువాలోంచి తీసి లోకం చూపించింది డాక్టర్ కస్తూరి. ఫిజియోథెరపీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. సన్నగా ఉంటుంది, గబగబా నడుస్తుంది, రోగుల దగ్గర మాత్రం ఎంతసేపైనా కూర్చుంటుంది. ఆమె ఓపీకి కోనసీమ వైపు నుంచి కొబ్బరి పీచు తాళ్లు పేనే ఆడవాళ్లు వచ్చేవారు. చేతిలో గిన్నె నిలవడం లేదనీ, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనీ చెప్పేవారు. కస్తూరి వాళ్ల అరచెయ్యి తిప్పి బొటనవేలి మొదట్లో చూసేది. అప్పటికే అక్కడి కండ కరిగి గుంట పడి ఉండేది. మణికట్టులో నరం నొక్కుకుపోయి చాలాకాలమైందని అర్థం. “ఇంకొంచెం ముందు రావలసిందమ్మా” అనేది. పేనే చెయ్యి పోతే వాళ్లకి మిగిలేదేముంది?

అందుకే వాళ్లు వచ్చేదాకా ఆగకుండా తానే వెళ్లాలనుకుంది. పట్టు తగ్గుతున్న చేతుల్ని ముందే కనిపెడితే నరం చచ్చిపోకముందే కాపాడవచ్చు. ఈ పరిశోధనకు డీన్ సాంబశివంగారు కాలేజీ వ్యాన్ ఇచ్చారు. నర్సింగ్ అధ్యాపకుడు ఎలీషా తోడు వచ్చాడు. అతను ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడినవాడు, తాటిమట్టల్లాంటి చేతులు. బయలుదేరే ముందు నేను సరిగ్గా పనిచేస్తున్నానో లేదో చూడటానికి కస్తూరి అతని చేతే నొక్కించింది. ఎర్రముల్లు దాదాపు చివరి గీతదాకా పరుగెత్తింది. నా స్ప్రింగు మూలిగింది.

ఊళ్లలో ఇంటింటికీ వెళ్లాం. పోల్చి చూడటానికి మొగుడూ పెళ్లాలిద్దర్నీ అరుగు మీద పక్కపక్కన కూర్చోబెట్టి, మొదట ఆయనకీ తర్వాత ఆవిడకీ నన్ను ఇచ్చేవారు. అలా ఒకరోజు గుబ్బల సత్తిరాజు ఇంటికి చేరాం. అతను కొబ్బరి దింపు తీసేవాడు. రోజంతా చెట్లెక్కే చెయ్యి, నన్ను నొక్కితే నా పిడులు ఒకదానికొకటి ముద్దుపెట్టుకున్నాయి. ముల్లు చూసుకుని మీసం సవరించుకున్నాడు.

“ఇంక మా దానికివ్వండి. అయినా ఆడాళ్లకి బలవేటుంటాదండి? తాడు పేనడవే కదండీ” అన్నాడు. భార్య నాగమంగ నన్ను అందుకోగానే, “మరీ గట్టిగా నొక్కీకే, ఇరిగిపోద్ది” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాగమంగ కూడా నవ్వింది.

ఆ ఊళ్లో అంతవరకూ నన్ను పట్టిన ఆడవాళ్ల చేతులన్నీ ఒకలాగే ఉన్నాయి. మొగుడి ముల్లు ఎక్కడ ఆగిందో ఓరగా చూసి, దానికి బాగా ఇవతల ఆపేసేవారు. ఒక్క చెయ్యీ వణికేది కాదు. నాగమంగ ముల్లు కూడా ఇవతలే ఆగింది. కానీ ఆమె చెయ్యి వణికింది. గాలికి కొబ్బరాకు వణికినట్టు భుజం దాకా వణికింది. తనకున్నదంతా పెట్టేసింది ఆ పిల్ల. నా ఉక్కు ఒళ్లు ఝల్లుమంది. నాకు నోరుంటే ఆ అరుగు మీదే అరిచేదాన్ని. కస్తూరి ముల్లు చూసింది, అంకె చెప్పింది, ఎలీషా రాసుకున్నాడు. మేం పక్కింటికి వెళ్లిపోయాం.

లెక్కలన్నీ కట్టాక తేలిందేమిటంటే, తాళ్లు పేనే ఆడవాళ్లందరి చేతులూ ఒకే మాదిరిగా బలహీనమట. అందరూ ఒకేలా ఉన్నారు కాబట్టి ఫలానా మనిషికి ప్రమాదమని వేలెత్తి చూపించడానికి వీల్లేకపోయింది. ఫ్యాకల్టీలో మాత్రం పండగే. వైద్య పత్రికవాళ్లు ఆమె వ్యాసం అచ్చుకు తీసుకున్నారు. రీసెర్చ్ డే నాడు ఇచ్చే ఉత్తమ పరిశోధన బహుమతి కస్తూరికేనని ముందే ప్రకటించారు. కస్తూరి ఫోటో వేసిన బ్యానరు గేటుకు కట్టారు. ఆమె దాని కింద నడిచి వెళ్లినప్పుడల్లా తల వంచుకునేది. తాను వెతికిన చేతులు దొరకలేదన్న వెలితి ఆమెకు ఉండనే ఉంది.

రీసెర్చ్ డేకి కొద్దిరోజుల ముందు స్టాఫ్ డే వచ్చింది. మా వాళ్ల స్టాఫ్ డే చూసి తీరాలి. ప్రాణాలు నిలబెట్టే సర్జన్లు నిమ్మకాయ చెంచా పందెంలో నిమ్మకాయలు రాల్చుకుంటారు. ఎముకల డాక్టరుగారు మ్యూజికల్ చెయిర్స్‌లో కాలు బెణికించుకుంటారు. ఆఖరున నాతో పందెం ఉంటుంది. అందులో ఏటా డీన్ సాంబశివంగారే గెలుస్తారు. ఆయన దొడ్డ మనిషి, పేషెంట్లకు దేవుడు, ఆ ఒక్క విషయంలో మాత్రం కాస్త చిన్నపిల్లాడు. ఆ ఏడాదీ అందరూ వరసగా నొక్కారు. ఎలీషా వంతు వచ్చింది. నన్ను నవజాత శిశువును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ముల్లు డీన్‌గారి గీతకు కొంచెం ఇవతల ఆగింది. చప్పట్లు మోగాయి. డీన్‌గారికి పూలదండ వేశారు.

కస్తూరి చప్పట్లు కొట్టలేదు. నా ముఖం వంక చూసింది, ఎలీషా చెయ్యి వంక చూసింది. అతన్ని మామిడిచెట్టు కిందికి పిలిచింది. నేను ఆమె చేతిలోనే ఉన్నాను.

“ఎలీషా, నువ్వు నొక్కితే ముల్లు చివరిదాకా పోతుంది. ఇవాళ ఏమైంది?”

“ఏం కాలేదు మేడమ్. డీన్‌గారి ముందు మనం ఎక్కువ నొక్కితే ఏం బాగుంటుంది? పాపం, ఆయనకు అదొక్కటే సరదా” అన్నాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. నన్ను బిగించి పట్టుకున్న ఆ చెయ్యి చల్లబడటం నాకు తెలిసింది. “అరుగు మీద కూడా ఇదే జరిగింది ఎలీషా. మొగుళ్ల ముందు కూర్చోబెట్టి కొలిచాం” అంది. “వాళ్లలో నిజంగా పట్టు తప్పినవాళ్లు ఉండే ఉంటారు. ఈ నటించేవాళ్ల మధ్య మనకు కనిపించలేదు” అంది.

ఆమె అప్పుడు ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. బ్యానరు గేటుకే ఉండేది. కానీ ఆమె తిన్నగా డీన్‌గారి గదికి వెళ్లింది. పూలదండ ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. వ్యాసం వెనక్కి తీసుకుంటానంది, ఎందుకో చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే నేను గెలవలేదన్నమాట.”

“లేదు సార్.”

“ఇన్నేళ్లూ?”

“నాకు తెలిసి, ఇన్నేళ్లూ సార్.”

ఆయన ఆ దండను సొరుగులో పెట్టేశారు. తర్వాత పడీపడీ నవ్వారు. “వెనక్కి తీసుకో అమ్మా. పరువు పోతే ఇద్దరిదీ కలిసే పోతుంది” అన్నారు.

మనుషుల మీద నాకు గౌరవం పెరిగింది ఆ రీసెర్చ్ డే నాడే. కస్తూరి వేదికెక్కి, బహుమతి తీసుకోవడం లేదనీ, తన కొలతలు తప్పనీ నిండు సభలో చెప్పింది. హాలంతా గుసగుసలు. డీన్‌గారు లేచి ఎలీషాను పైకి పిలిచి నన్ను చేతికిచ్చారు. “నొక్కవయ్యా. ఈసారి నిజంగా నొక్కు. నేను తట్టుకోగలను” అన్నారు. ఎలీషా సిగ్గుపడుతూనే నొక్కాడు. ఎర్రముల్లు ఎక్కడ ఆగిందో చూసి హాలు ఘొల్లున నవ్వింది. కస్తూరి చెప్పిన తప్పేమిటో ఆ క్షణంలో ఒక్కరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి నర్సింగువాళ్లూ ల్యాబువాళ్లూ తమ ఆదివారాలు ఇస్తామని ఆమె దగ్గరికి వచ్చారు.

మళ్లీ ఊళ్లకు వెళ్లాం. ఈసారి బడిగదిలో, తలుపు వేసి, ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిచారు. మగవాళ్లను ఎలీషా టీకొట్టు దగ్గర కబడ్డీ కబుర్లలో కూర్చోబెట్టాడు. లోపల నా ముళ్లకు ఊపిరాడలేదంటే నమ్మండి. ఒకావిడైతే మొగుడి అంకె దాటేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, “ఆయనకి సెప్పకండేం డాట్రమ్మగారండి, వారం రోజులు అన్నం తినరు” అంది. గదంతా నవ్వులే.

నాగమంగ వచ్చింది. నన్ను చూడగానే కళ్లు దించుకుంది. నొక్కింది. ముల్లు పోయినసారి ఆగిన చోటే ఆగింది. కస్తూరి ఈసారి ముల్లు చూడలేదు, చెయ్యి చూసింది. వణుకు చూసింది.

“ఎవరూ లేరమ్మా ఇక్కడ. ఇంకా నొక్కవచ్చు.”

“ఇదేనండి నా బలవంతా” అంది నాగమంగ. “తాడు జారిపోతంది. రాత్రిళ్లు వేళ్లు మంటలండి. పని ఎగ్గొట్టడానికి నాటకవాడతన్నాననుకుంటారని సెప్పలేదండి.”

కస్తూరి ఆ అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకు తిప్పింది. బొటనవేలి మొదట్లో కండ కొంచెం తగ్గింది, ఇంకా కరిగిపోలేదు. “సమయానికే వచ్చాం” అంది. ఇన్నాళ్లూ అనలేకపోయిన మాట అది. అన్నాక కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ వారంలోనే మా బోధనాసుపత్రిలో నాగమంగ మణికట్టుకు చిన్న ఆపరేషన్ చేశారు. తర్వాత నెలల తరబడి కస్తూరి దగ్గర వ్యాయామాలు. మిగతా ఊళ్లలోనూ అలాంటి చేతులు దొరికాయి, చాలామటుకు సమయానికే. కొత్త వ్యాసంలో కస్తూరి తన మొదటి తప్పునే ముందుగా రాసింది. అది చదివిన ఇతర యూనివర్సిటీలవాళ్లు తలుపులు వేసి కొలవడం మొదలుపెట్టారట.

ఇప్పుడు అంకెలు వెలిగే కొత్త మీటర్లు వచ్చాయి. స్ప్రింగు అలిసిపోయిందని నన్ను డిపార్ట్‌మెంటు మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టారు. స్టాఫ్ డే పందెం ఇప్పుడు తెర చాటున జరుగుతుంది. డీన్‌గారు కిందటేడు ఆరో స్థానంలో వచ్చి, ఆ సంగతి తానే అందరికీ చెప్పుకు తిరిగారు.

నేను ఆఖరిసారి పని చేసింది నాగమంగ చివరి పరీక్ష నాడు. సత్తిరాజు కూడా వచ్చాడు. కస్తూరి అలవాటుగా, “ఆయన్ని బయట కూర్చోమందామా?” అని అడిగింది.

నాగమంగ మొగుడి వంక చూసింది. “ఉండనియ్యండి. సూడనియ్యండి” అంది.

నన్ను అందుకుంది. మెల్లగా మొదలుపెట్టి బిగించింది. పాత గీత దాటింది, దాని పై గీత దాటింది. సత్తిరాజు బల్ల మీదికి వంగిపోయి, “నొక్కవే, ఇంకా నొక్కు, ఇరిగిపోతే ఇరిగిపోనీ” అంటున్నాడు. ఆమె చెయ్యి వణికింది. భుజం దాకా వణికింది.

ఆమె వదిలాక నల్లముల్లు సున్నాకి వచ్చేసింది. ఎర్రముల్లును తిప్పబోయిన విద్యార్థిని కస్తూరి వద్దంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.