అద్దంలో నిలబడ్డ మనిషి

మానిస్టీ నది పొడుగునా అడవిలో ట్రైలర్లు, అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇంటి బండ్లు, నిలుపుకునే చోట్లు చాలానే ఉన్నాయి. నోరీన్‌కి మాత్రం కావలసింది ఒక్కటే. నది వంపు తిరిగే దగ్గర, రెండు దేవదారు చెట్ల నడుమ ఉన్నది. అక్టోబరులో అది దొరకాలంటే ఆర్నెల్ల ముందు, ఏప్రిల్‌లో, పొద్దున ఎనిమిది కొట్టేసరికి బుకింగ్ కోసం కంప్యూటరు ముందు ఉండాలి. కాస్త ఏమరితే ఇంకెవరో తన్నుకుపోతారు. ఆ ఊళ్ళో ఇలాంటి ఉదయాల్లో పళ్ళు తోముకోని పెద్దమనుషులు చాలామందే ఉంటారు.

ఎనిమిది కాగానే నోరీన్ నొక్కింది. దొరికింది.

"దొరికిందయ్యా! వంపు దగ్గరదే!" అని చిన్నపిల్లలా అరిచింది.

ఆమె మొగుడు ఆర్విల్ బల్లకి అవతల కూర్చుని పాన్‌కేకు మీద మేపుల్ పాకం పోసుకుంటున్నాడు. తలెత్తి, మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

"రద్దు చెయ్యి. మధ్యాహ్నం డ్యూవీ వస్తున్నాడు. ట్రైలర్ వాడికిచ్చేద్దాం."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"ఇప్పుడన్నాగా."

నోరీన్‌ని ఆ మాట కంటే ఆ మొహం తిప్పుకోవడం ఎక్కువ మండించింది. పోయిన శీతాకాలం ముందు ఆర్విల్ ఒక్కడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. వస్తూనే లైసెన్సు తీసి వంటింటి గట్టు మీద పడేశాడు. "కళ్ళు ముసలివైపోయాయి, ఇక నడపొద్దన్నారు" అన్నాడు. అంతే, ఇంకొక్క ముక్క పెగల్లేదు. అప్పట్నుంచి ఆమె ఏం మాట్లాడినా పొయ్యి వైపో, గోడ వైపో చూస్తూ జవాబిస్తున్నాడు. జీవితమంతా కాపురం చేశారు. అతను అరిచాడు, అలిగాడు, ఓసారి కోపంలో కాఫీ కెటిల్ నదిలోకి విసిరాడు. కానీ ఆమె మొహం చూడకుండా ఉన్న రోజు లేదు. తాను ఇంకా కారు నడుపుతున్నందుకే ఈ ఉక్రోషం అని నోరీన్ లెక్క కట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక స్నానాల గదిలో రెండుమూడుసార్లు ఏడ్చింది కూడా.

ట్రైలర్ అమ్మడమంటే ఆమెకి బండి అమ్మడం కాదు. కూతురు కొలీన్ ఉయ్యాల్లో ఉన్నప్పుడు కొన్నారు దాన్ని. మొదటి రాత్రే పైకప్పు కారితే వంటగిన్నెలన్నీ పక్కల మీద పెట్టి, పిల్లని మధ్యలో పడుకోబెట్టి తెల్లవార్లూ నవ్వుకున్నారు. ఆ వంపు దగ్గరే కొలీన్ ఈత నేర్చుకుంది. ఎర్రబడ్డ మేపుల్ ఆకులు నీళ్ళలో కొట్టుకుపోతుంటే, ఎదురీదే సాల్మన్ చేపల తోకలు లోతు తక్కువ చోట టపటపలాడేవి. తడిసిన దేవదారు వాసన, పొగ వాసన స్వెట్టర్లకి పట్టి క్రిస్మస్ దాకా పోయేది కాదు. నోరీన్ ఉతికేది కూడా కాదు. ఏటా అక్కడికేనా, పండగ నాడు కూడా పాత మొగుడేనా అని చెల్లెలు వేళాకోళం చేసేది. పాత మొగుడే కావాలి మరి, ఏం చేస్తాం.

ఇక ట్రైలర్‌ని వెనక్కి నడిపి చెట్ల మధ్య పెట్టడం పెద్ద తంతు. ఆ సమయానికి చుట్టుపక్కల వాళ్ళంతా మడత కుర్చీలు వేసుకుని, బీరు పట్టుకుని తమాషా చూస్తారు. ఏ మొగుడూ పెళ్ళాల అసలు రంగైనా అక్కడే బయటపడుతుంది. ఆర్విల్ ట్రక్కు నడిపేవాడు, నోరీన్ వెనక నిలబడి సైగలు చేసేది. "నా అద్దంలో నువ్వు కనపడాలి. కనపడకపోతే లేనట్టే," అనేవాడు. ఓసారి కొమ్మ తగిలి పైకప్పు మూత ఎగిరిపోయాక ఆమె కొత్త సైగ కనిపెట్టింది. చెవి లాగితే పైన కొమ్మ ఉందని అర్థం. "చెవిలో చీమ దూరిందేమో అనుకున్నా," అని అతను ఏళ్ళ తరబడి ఏడిపించాడు.

మధ్యాహ్నం డ్యూవీ వచ్చాడు. ఎదురింటాయన, రిటైరైన పోస్టుమాన్. ట్రైలర్ అప్పటికే రేకుల కొట్టంలోంచి బయట ఉంది. నోరీన్ ట్రక్కు తెచ్చి దానికి తగిలించేసింది కూడా.

"కొనేముందు చూడు డ్యూవీ," అంది. "ఆ మేపుల్ చెట్టు పక్క ఖాళీలోకి దీన్ని నేను వెనక్కి నడిపి ఎక్కిస్తా. ఎక్కిస్తే అమ్మేది లేదు, అక్టోబరుకి మేమే పోతాం. ఎక్కించలేకపోతే తీస్కపో."

"నువ్వెప్పుడు నడిపావే దీన్ని?" అన్నాడు ఆర్విల్, గరాజు తలుపుతో మాట్లాడుతున్నట్టు.

"నువ్వు పుట్టగానే నడిపావా? పో, వెనక నిలబడు."

డ్యూవీ ఎదురుగా తన ఇంట్లోంచి మడత కుర్చీ తెచ్చి వేసుకున్నాడు. "బీరు కూడా తెచ్చా," అన్నాడు. "కానివ్వండి."

ఆర్విల్ గొణుక్కుంటూనే చెప్పాడు: "స్టీరింగు చక్రం కింది వైపు పట్టుకో. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. తొందరపడకు."

మొదటిసారి ట్రైలర్ కొడవలిలా ముడుచుకుంది. "అద్దం సరిగ్గా లేదు," అంది నోరీన్. "ఆడలేక మద్దెల ఓడంట," అన్నాడు డ్యూవీ. మళ్ళీ ముందుకి తీసి, మెల్లగా వెనక్కి పోనిచ్చింది. అద్దంలో ఆర్విల్ కనిపించాడు. చేతులు ఊపుతున్నాడు, కానీ మొహం అటు పక్క కట్టెల మోపు వైపు తిప్పేసుకున్నాడు. ఇక్కడ కూడానా! ట్రైలర్ వంక చూడను కూడా చూడకుండా సైగలేంటి? చూస్తుండగానే తీరిగ్గా చెవి గోక్కున్నాడు. నోరీన్ పళ్ళు కొరికి, అతని చేతుల్ని లెక్క చెయ్యకుండా పోనిచ్చింది.

పైన ఫెళ్ళుమంది. మేపుల్ కొమ్మ, దాంతోపాటు పైకప్పు మూత ముక్కలై కింద పడ్డాయి.

ఆమె తలుపు తీసుకుని దూకినంత పని చేసింది. "నన్ను చూడ్డం ఇష్టం లేకపోతే లేదు, ట్రైలర్‌నైనా చూడొచ్చుగా! కట్టెలు చూస్తూ చెవి గోక్కుంటావా?"

"గోక్కోలేదే. కొమ్మ ఉందని చెప్పా. నీ సైగే కదా అది?"

"కొమ్మెలా కనపడింది నీకు? అటు తిరిగి ఉన్నావుగా!"

డ్యూవీ బీరు సీసా నేల మీద పెట్టాడు.

"అటు తిరిగితేనే కనపడుద్దే," అన్నాడు ఆర్విల్. "సూటిగా చూస్తే మధ్యలో అంతా మసి పూసినట్టు ఉంటది. పక్కకి తిరిగితే కంటి కొసన తెలుస్తది. చెట్టైనా అంతే, నువ్వైనా అంతే."

నోరీన్ అతని మొహం తిరిగి ఉన్న వైపు, కట్టెల మోపు వంక ఓసారి చూసింది.

"మరి పొద్దున... పాన్‌కేకు తింటున్నప్పుడు?"

"నిన్నే చూస్తున్నా. చోటు దొరికిందని ఎగిరావుగా. నీలం స్వెట్టర్ వేసుకున్నావు."

"ముందే చెప్పి చావొచ్చుగా, ముసలోడా!"

"చెప్తే జాలిగా చూస్తావు. అది మాత్రం కంటి కొసన కూడా చూడలేను." ట్రక్కు అద్దం వైపు చెయ్యి చూపించాడు. "నీ అద్దంలో నేనున్నా, నీకు పనికిరాననుకున్నా."

నోరీన్ అతని చేతులు రెండూ పట్టుకుంది. ఆర్నెల్లుగా తనని చూడ్డం లేదని ఏడ్చిన ఆడది, అన్నాళ్ళూ తనని చూడ్డానికే అతను పడ్డ పాట్లు తలచుకుని ఇప్పుడు ఏడ్చింది. డ్యూవీ మర్యాదగా ఆకాశం వైపు చూశాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని మళ్ళీ ట్రక్కెక్కింది. ఈసారి అతని మొహం ఎటు తిరిగి ఉందో పట్టించుకోలేదు, చేతులే చూసింది. ఎడమకి అంటే ఎడమకి, ఆగు అంటే ఆగింది. అతను చెవి లాగగానే బ్రేకు తొక్కి, ముందుకు తీసి, ఇంకో కొమ్మ తప్పించి వచ్చింది. ట్రైలర్ మేపుల్ పక్కకి వెళ్ళి కుదురుగా నిలబడింది. కాస్త వంకరే అనుకోండి, అయినా నిలబడింది.

డ్యూవీ కుర్చీ మడిచాడు. "నాకొద్దీ ట్రైలర్. పైమూత పగిలింది. పగిలినవి నేను కొనను," అని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ మిగిలిన బీరు గడప మీద వదిలిపోయాడు.

సాయంత్రం భోజనాల బల్ల మీద దారుల పటం పరిచారు. దారిలో ఏ ఊళ్ళో చెర్రీ పళ్ళ ‘పై’ రొట్టె కొనాలి, నదికి వెళ్ళేముందు ఏ అడవి పార్కులో ఒక రాత్రి ఆగాలి, ఇరుకు వంతెన ఉన్న రోడ్డు వదిలి ఎటు చుట్టు తిరగాలి అని వాదించుకున్నారు. కట్టెలు అక్కడే కొనాలన్నాడు ఆర్విల్, ఇక్కణ్ణుంచి తీసుకెళ్తే పురుగులొస్తాయని అడవి వాళ్ళు ఊరుకోరట. ఆ సంగతి ఆమెకి అతనికంటే బాగా తెలుసు. అయినా కొత్తగా విన్నట్టు తలూపింది.

"నీళ్ళు నాకు సరిగ్గా కనపడవేమోనే," అన్నాడతను మెల్లగా.

"వినపడతాయిగా. చేపలు కూడా."

ఆర్విల్ పటం పక్కకి నెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నోరీన్ గబగబా చేత్తో జుట్టు సవరించుకుంది.